వీరగల్లు మొదలు మృత్యురైలుమార్గము వఱకు: యుద్ధమృతుల లెక్క

కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలో ఆవని యను పురాతన క్షేత్రము కలదు. వాల్మీకి యాశ్రమము, కుశలవుల జన్మస్థానము నిచ్చటనే యుండెనని స్థలపురాణము. నొళంబరాజుల కాలమున వెలసిన రామలింగేశ్వర, లక్ష్మణేశ్వర, భరతేశ్వర, శత్రుఘ్నేశ్వరాలయములను చూడ వచ్చువారు పలువురు. కాని యీ జిల్లాలో చెఱువుకట్టలపైనను, పొలముల గట్లపైనను నిలిచియున్న వీరగల్లులను గమనించువారు కొలదిమందియే. యుద్ధమృతులయెడ ప్రభుత్వమునకు గల కర్తవ్యము తెలియగోరువారు ముందుగా నీ ఱాళ్లనే చదువవలెను.

వీరగల్లుపై సాధారణముగా మూడంతరువుల శిల్పముండును. క్రింద పోరు, నడుమ వీరుని అప్సరసలు కొనిపోవుట, మీద శివసన్నిధి. శాసనమున్నచో మృతుని పేరు, అతడు పడిన కారణము తెలియును. వీరిలో సామంతులే కాదు, పసులమందను మరలించుటకై పోరి పడిన గ్రామస్థులును కలరు. మృతుని కుటుంబమున కిచ్చిన మాన్యమునకు కన్నడమున ‘నెత్తరుగొడగె’ యని పేరు. నెత్తురునకు ప్రతిగా నిచ్చిన భూమి యని యర్థము. శాసనభాష కన్నడమైనను, ఈ ఱాళ్లలో ననేకములు నేడు తెలుగు మాటలాడు పల్లెలలోనే యున్నవి. మైసూరు ప్రభుత్వము పక్షమున బి. ఎల్. రైసు 1905లో ప్రకటించిన ‘ఎపిగ్రాఫియా కర్ణాటిక’ పదవ సంపుటము ఈ జిల్లా శాసనములను తాలూకాలవారీగా నమోదు చేసినది. కావుననే వేయేండ్ల క్రిందట మడిసిన సామాన్యుని పేరు నేటికిని మనకు తెలియుచున్నది.

ఇక నిన్నటి యుద్ధమును చూతము. 1942-43లలో జపాను సైన్యము సయాములోని బాన్‌పాంగ్ మొదలు బర్మాలోని తన్‌బ్యూజయాట్ వఱకు 415 కిలోమీటర్ల రైలుమార్గమును వేయించెను. పనిచేసినవారిలో మిత్రరాజ్యముల యుద్ధఖైదీలు 60,000కు పైగా నుండిరి. ఆసియా కూలీల సంఖ్య అంతకు అనేకరెట్లు. బర్మీయులు, జావావారు, మలయా రబ్బరుతోటలనుండి తరలింపబడిన తమిళులు, తెలుగువారు ఆ కూలీలలో కలరు. మలయా తెలుగువారి పెద్దలు ప్రధానముగా విశాఖపట్టణ ప్రాంతమునుండి కంగాణీల వెంట వలసపోయినవారు. కలరా, మలేరియా, ఆకలి, దెబ్బలు వీరిని తుడిచిపెట్టెను. చనిపోయిన ఖైదీలు 12,000కు మించిరి. కూలీలు సుమారు 90,000 మంది మరణించిరని అంచనా.

1945 ఆగస్టులో యుద్ధము ముగిసెను. సెప్టెంబరులోనే సమాధుల నన్వేషించుటకు ఒక బృందము ఆ మార్గమున బయలుదేరెను. జపాను సైన్యమున దుబాసీగా నుండిన నగాసె తకాషి వెంట నుండెను. మూడు వారములలో వారు 144 శ్మశానవాటికలను, 10,000కు మించిన సమాధులను గుర్తించిరి. ఖైదీలలోని అధికారులు మృతుల పట్టీలను రహస్యముగా వ్రాసి, కొన్నిటిని సమాధులలోనే దాచియుంచుటచే నిది సాధ్యమయ్యెను. పిమ్మట అస్థికలను కాంచనబురి, చుంకాయ్, తన్‌బ్యూజయాట్ శ్మశానములకు చేర్చి, పేర్లు చెక్కించిరి.

కూలీల శిబిరములలో నట్టి పట్టీలు వ్రాయువారు లేకపోయిరి. బృందమున కప్పగింపబడిన పనియు సైనికుల సమాధులను వెదకుటయే. కూలీలను పూడ్చిన గోతులను అడవి కప్పివేసెను. 1990లో కాంచనబురియందు ఒక చెఱకుతోటలో త్రవ్వగా వందలకొలది అస్థిపంజరములు బయల్పడెను. వానిలో నే యొక్కదానికిని పేరు లేదు.

దీనినిబట్టి తేలునదేమన, గోతులను వెదకుట ప్రభుత్వముల శక్తికి మించిన పని కాదు. ఎవరికొఱకు వెదకవలెనని నిర్ణయించుటలోనే భేదము కలిగినది. 2025లో మలేసియా తమిళుల పూనికతో కాంచనబురిలో ‘నడుకల్’ అనగా వీరగల్లు నిలుపబడినది. తెలుగు సంఘములును తోటలవారీగా, కుటుంబములవారీగా, తిరిగిరానివారి పేర్లను సేకరించి ప్రభుత్వములకు సమర్పింపవలెను. ముదుసలుల జ్ఞాపకములు మాయమగుటకు ముందే యీ పని జరుగవలెను. పసులమందకై పడినవానికి మన పల్లె శిలయు, భూమియు నిచ్చినది. పరుల యుద్ధమున బలవంతముగా బలియైన మనవారికి కనీసము పేరైనను దక్కవలెను.