ఫేస్‌లిఫ్ట్ అంటే తోలు లాగడమేనా?

పాత అప్లికేషన్‌కి కొత్త రంగులేసి, బటన్లు గుండ్రంగా మార్చేస్తే మా ఆఫీసులో దాన్ని ఫేస్‌లిఫ్ట్ అంటారు. లోపలి కోడ్ జోలికి ఎవ్వరూ పోరు. తమాషా ఏంటంటే, అసలు ఫేస్‌లిఫ్ట్ ఆపరేషన్ కూడా మొదటి డెబ్భై ఏళ్ళు ఇంచుమించు ఇలాగే నడిచింది.

1901లో బెర్లిన్‌లో హోలాండర్ అనే సర్జన్, ఒక పోలిష్ జమీందారీ ఇంటావిడ పట్టుబట్టడంతో, జుట్టు అంచున కాస్త చర్మం కత్తిరించి బుగ్గలు పైకి లాగి కుట్టాడు. ఆ సంగతి ఆయన బయటపెట్టింది 1932లో!

నాకు నచ్చిన మనిషి మాత్రం పారిస్ డాక్టరమ్మ సుజాన్ నోయెల్. నటి సారా బెర్నార్ అమెరికాలో ముఖానికి ఆపరేషన్ చేయించుకుని వచ్చిందని 1912లో పేపర్లు రాస్తే, ఈవిడ తన ముఖం మీదే చర్మం పట్టి లాగి చూసుకున్నారట. తర్వాత తన ఇంట్లోనే, మత్తు సూది మాత్రం ఇచ్చి ఆపరేషన్లు చేసేవారు. కుట్లు జుట్టు కింద దాచుకుని పేషెంట్లు అదే రోజు ఇంటికెళ్ళిపోయేవాళ్ళు. అందరూ షోకు కోసం వచ్చినవాళ్ళేం కాదు. వయసు కనబడితే ఉద్యోగం పోతుందని భయపడి వచ్చినవాళ్ళూ ఉన్నారు. డబ్బు ఇచ్చుకోలేని కొందరికి ఊరికే చేశారు కూడా. 1926లో రాసిన పుస్తకం పేరులోనే ఈ వైద్యానికి "సామాజిక పాత్ర" ఉందన్నారు. నలభై దాటాక రెజ్యూమేలోంచి డిగ్రీ సంవత్సరం తీసేసే సీనియర్లని చూశాక, నాకు ఆ మాట పెద్ద వింతగా అనిపించలేదు.

సరే, మరి ఫలితం? చర్మానిది సాగే గుణం. బరువంతా దానిమీదే వేస్తే కొన్నాళ్ళకి మళ్ళీ జారుతుంది. ఇంకా గట్టిగా లాగారా, కుట్టు మచ్చ వెడల్పవుతుంది, చెవి తమ్మె కిందికి సాగుతుంది. 1974లో స్వీడన్ సర్జన్ స్కూగ్ చర్మంతోపాటు దాని కింది పొరని కూడా కలిపి ఎత్తే పద్ధతి వివరించాడు. 1976లో ఫ్రెంచివాళ్ళు మిట్జ్, పెరోనీ ఆ పొరకి స్మాస్ అని పేరుపెట్టారు. లాగుడంతా ఆ పొర మీదికి పోయింది, చర్మం ఊపిరి పీల్చుకుంది.

కాకపోతే లోతుకి పోయినకొద్దీ ముఖం కదిలించే నరానికి దగ్గరవుతాం. చర్మం కింద రక్తం పోగవడం అనే గొడవ ఎక్కువగా మొదటి రోజే వస్తుంది, బీపీ ఉన్నవాళ్ళకి మరీను. సిగరెట్ తాగేవాళ్ళకి చెవి వెనక చర్మం చచ్చిపోయే ప్రమాదం ఉంది. వాపూ కమిలిన మచ్చలూ చాలామటుకు తగ్గి నలుగురిలోకి రావడానికి రెండు మూడు వారాలు, మొద్దుబారిన చెంప మామూలవడానికి నెలలు.

ఉద్యోగం కోసం నోయెల్ తలుపు తట్టిన ఆడవాళ్ళకి అన్ని వారాలు సెలవు ఎవరిచ్చేవారంటారు?