నల్లనీటి నడుమ తెల్లబట్ట

వస్త్రమునకు తెలుపు పుట్టుకతో వచ్చునది కాదు. చెట్టుమీది ప్రత్తి ఎంత తెల్లగా కనబడినను, వడికి నేసిన పిమ్మట ఆ బట్ట పసుపుచాయతోనో బూడిదచాయతోనో మగ్గమునుండి దిగును. పడుగుకు పట్టించిన గంజి, దారములోని సహజమైన జిడ్డు, నేసిన చేతుల చెమట తొలగినగాని దానిని ఎవరును తెల్లబట్ట అనరు. అట్లు శ్రమపడి తెచ్చిన తెలుపును నిలుపుకొనుట మరియొక పని. నేతకు ముగింపు కలదు. ఉతుకుటకు మాత్రము బట్ట చినుగువరకు ముగింపు లేదు. అందుచేత తెలుపు చరిత్ర యనగా నీటి చరిత్ర, ఎండ చరిత్ర, అన్నిటిని మించి చేతుల చరిత్ర.

ఈ మాటను పరీక్షించి చూచుటకు అండమాను దీవులు మిక్కిలి తగిన చోటు. బంగాళాఖాతము నడుమ, చెన్నపట్టణమునకును విశాఖపట్టణమునకును 1,200 కిలోమీటర్లకు పైగా దూరమున నున్న ఈ దీవులలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము కురియును. మే నెలలో నైరృతి పవనముతో మొదలైన వాన ఈశాన్య పవనముతో కలిసి డిసెంబరువరకు సాగును. చుట్టును సముద్రమే గనుక గాలిలో తేమ ఎన్నడును పూర్తిగా విడువదు. ఆ గాలి ఉప్పును మోసికొని వచ్చును. బట్టలో చిక్కిన ఉప్పు మరల తేమను పీల్చును. ఆరినదనుకొని మడిచిపెట్టిన బట్ట పెట్టెలో చెమర్చి బూజుపట్టును. బూజు విడిచిన మచ్చయు, చెమటలోని జిడ్డు గాలితగిలి మారుటచే కట్టిన పసుపును కలిసినప్పుడు తెల్లబట్ట ఒక్క వానకాలములోనే ముసలిదగును.

హిందీవారు ఈ దీవుల ప్రవాసశిక్షకు పెట్టిన పేరు ‘కాలాపానీ’, అనగా నల్లనీరు. ‘కాల’ శబ్దమునకు మృత్యువను అర్థము చెప్పువారును కలరు. ఈ నల్లనీటి నడుమ తెల్లబట్టను కాపాడుకొనుట ఎవరికి సాధ్యమైనది, ఎవరికి కాలేదు అని అడిగినచో, దీవుల చరిత్ర కొంత తనంతట తానే బయటపడును.

ఇచ్చటి ఆదివాసులకు బట్ట తెలియని కాలమునను తెలుపు తెలియును. వారు తెల్లని మట్టిని నీటితో కలిపి దేహముపై గీతలుగా తీర్చుకొనెడివారు. మానవశాస్త్రజ్ఞుడు రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1922లో ప్రకటించిన తన గ్రంథమున ఈ చిత్రణమును విపులముగా వర్ణించినాడు. ఆ తెలుపు కొలదికాలమునకే రాలిపోవును. కావలసినప్పుడు మరల తీర్చుకొందురు. దానిని ఉతుకనక్కరలేదు, దాచనక్కరలేదు, పసుపెక్కునను దిగులు లేదు. నిలుపుకొనవలసిన తెలుపు ఈ దీవులకు బట్టతోబాటు బయటినుండి వచ్చినది.

ఆ బట్టను తెలుపుచేయు విద్యలో పడమటి తీరమున నున్న తెలుగుదేశము ఒకప్పుడు పేరుమోసినది. పదునేడవ శతాబ్దమున ఆంగ్లేయ వర్తకులు నరసాపురము చెంతనున్న మాధవాయిపాలెమున కొఠీ పెట్టిరి. ఆ ఊరిపేరు వారి నోట ‘మడపొల్లము’గా మారి, ఒకవిధమైన మెత్తని తెల్లబట్టకు పేరుగా నేటికిని వారి నిఘంటువులలో నిలిచియున్నది. నేసినవాని పనితనముతోబాటు చలువచేసిన రజకుని పనితనమును ఆ పేరులో కలదు. అతడు బట్టను చౌడు కలిపిన నీట నానవేసి, ఉబ్బలో పెట్టి ఆవిరిపట్టించి, రేవుబండపై ఉతికి, తడి ఆరకుండ నీరు చల్లుచు ఎండలో పరచెడివాడు. బట్ట తెల్లబడువరకు ఈ క్రమము పలుమారులు సాగును. చౌడులోని క్షారము జిడ్డును కరిగించును. తడిబట్టపై పడిన ఎండ మిగిలిన చాయను మెల్లగా హరించును. ఈ కారణములను రసాయనశాస్త్రము తరువాత వివరించినది; పనిని మాత్రము రజకుడు అంతకు ముందే ఎరుగును.

యూరపులోను ఆ కాలమున బట్టలను బూడిదనీటిలోను పులిసిన మజ్జిగలోను ముంచి, నెలల తరబడి పచ్చికబయళ్లలో పరచెడివారు. 1785లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెర్తొలే క్లోరిను వాయువు బట్టను తెలుపుచేయునని చూపెను. 1799లో గ్లాస్గోలోని చార్లెస్ టెనెంటు ఆ వాయువును సున్నముతో కలిపి చలువపొడిగా చేయుటకు హక్కుపత్రము పొందెను. నెలల పని దినములకు తగ్గెను. యంత్రములు నేసి, రసాయనములు తెలుపుచేసిన బట్ట తెలుగుతీరపు అంగళ్లకే వచ్చి చేరినప్పుడు, రేవున ఎండను కాచుకొని కూర్చున్న విద్యకు విలువ పడిపోయెను.

తెల్లబట్ట రాజ్యము చేయువాని గుర్తుగా వెలసిన ఆ శతాబ్దములోనే అండమానులో శిక్షాస్థావరము ఏర్పడినది. 1857 తిరుగుబాటు ఖైదీలను ఉంచుటకై, 1858 మార్చి 10వ తేదీన జేమ్స్ ప్యాటిసన్ వాకర్ అను వైద్యుడు 200 మంది ఖైదీలతో వచ్చి దిగెను. మొదట బసచేసిన చాథమ్ దీవిలో మంచినీరు చాలకపోగా, కేంద్రమును రాస్ దీవికి మార్చిరి. వానకు కొదువలేని ఈ దేశమున నీటికి కరవు! వాన మిక్కుటమే, అది నిలుచు చోటు మిక్కిలి తక్కువ. రాస్ దీవిలో అధికారులకు భవనములు, చర్చి, క్లబ్బు, నృత్యశాల వెలసినవి. సముద్రజలమును మరిగించి మంచినీరుగా మార్చిన యంత్రశాల శిథిలములు నేటికిని అచ్చట కనబడును. ఆ దొరల ఇండ్లలో ఊడిగము చేసినవారు ఖైదీలే. ఒకరి తెలుపుకై మరియొకరు చెమటోడ్చుట ఆ దీవి నిత్యకృత్యము. 2018లో ఆ దీవికి నేతాజీ సుభాస్ చంద్రబోసు పేరు పెట్టబడినది.

1906 నాటికి సెల్యులార్ జైలు నిర్మాణము పూర్తియైనది. ఆ తరువాతి సంవత్సరములలో అచ్చటికి పంపబడిన రాజకీయ ఖైదీలను గానుగకు కట్టి, రోజునకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయవలెనని నిర్బంధించిరి. ఎద్దులు త్రిప్పవలసిన గానుగను మనుష్యులు త్రిప్పిరి. ఇచ్చట కొబ్బరినూనెను గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. మామూలు సబ్బు ఉప్పునీట నురుగు కట్టదు. విరిగి తెట్టెవలె బట్టకు అంటుకొనును. కొబ్బరినూనెతో చేసిన సబ్బు మాత్రము సముద్రజలములో సైతము నురుగునిచ్చును. అందుచేతనే నావికుల సబ్బును ఆ నూనెతో చేసెడివారు. అనగా, ఈ ఉప్పుగాలి దేశమున దేహమునకు, బట్టకు మిక్కిలి తగిన సబ్బునకు మూలద్రవ్యమైన నూనె ఆ జైలుగోడల లోపలనే, ఖైదీల భుజబలముతోనే, ధారగా కారినది.

ఇరువది సంవత్సరములు గడచిన పిమ్మట, 1933 మే నెలలో, అదే జైలులో మరియొక తరము రాజకీయ ఖైదీలు నిరాహారదీక్ష పూనిరి. వారి కోరికలు ఏవి? తినదగిన అన్నము, పరుండుటకు పడక, చదువుకొనుటకు అనుమతి, స్నానమునకు సబ్బు. బలవంతముగా గొట్టముతో పాలు పోయునప్పుడు అవి ఊపిరితిత్తులలోనికి పోగా, లాహోరు కుట్రకేసులో భగత్ సింగుతోబాటు శిక్షపడిన మహావీర్ సింగ్ మరణించెను. ఆ నెలలోనే మోహన్ కిశోర్ నమదాస్, మోహిత్ మొయిత్ర కూడ ప్రాణములు విడిచిరి. దీక్ష 46 దినములు సాగెను. తుదకు పాలకులు దిగివచ్చి సౌకర్యములు కల్పించిరి. కోరికల పట్టికలో సబ్బును చూచి, ఇంత చిన్నవస్తువునకై ఇంత పట్టుదలయా అని నేటివారికి తోపవచ్చును. మురికి అచ్చట శిక్షలో ఒక భాగముగా ఉండెను. మనుష్యుని మురికిలో ఉంచుట అతడు మనుష్యుడు కాడని ప్రతిదినము అతనికే చెప్పుట. సబ్బు కోరుట ఆ మాటను కాదనుట.

స్వాతంత్ర్యానంతరము దీవుల రూపు మారినది. 1949 నుండి తూర్పు బంగాళమునుండి వచ్చిన శరణార్థులకు ఇచ్చట భూములిచ్చిరి. తమిళులు, మలయాళీలు, తెలుగువారు బ్రతుకుతెరువుకై ఓడలెక్కిరి. 2011 జనాభా లెక్కలనుబట్టి దీవులలో 13 శాతమునకు పైగా ప్రజల మాతృభాష తెలుగు. ఇన్ని భాషలవారికి అంగడిలోను బడిలోను హిందీయే ఉమ్మడిభాష. వారందరికి ఉమ్మడిగా నున్న చిక్కు మరియొకటి నీరు. ధనిఖారి జలాశయము ముఖ్యమైన ఆధారముగా గల పోర్టు బ్లేరున, అనగా 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పట్టణమున, ఎండకాలము ముదిరినప్పుడు కుళాయినీరు వంతులవారీగా వచ్చును. వంతునీటితో బట్టను రెండుమారులు జాడించుట కష్టము. జాడింపు తగ్గినచో సబ్బు మిగిలి, ఆ సబ్బే ఎండలో పసుపుగా మారును.

ఈ పసుపును కప్పుటకు లోకము కనుగొన్న ఉపాయములు రెండు. మొదటిది నీలిమందు. 1820ల చివర ఫ్రాన్సులో గీమే కృత్రిమమైన నీలమును చౌకగా తయారుచేసిన నాటినుండి అది ఇంటింటికి చేరినది. రెండవది 1929లో పాల్ క్రైస్ అను జర్మను రసాయనజ్ఞుడు తెలిపిన సూత్రము: కొన్ని పదార్థములు కంటికి కానరాని అతినీల కిరణములను గ్రహించి నీలపు వెలుగుగా విడుచును. నేటి ఉతుకుపొడులలో మెరుపునిచ్చునవి ఇట్టి పదార్థములే. ఈ రెండును కంటిని ఒప్పించునవి. నీలము పసుపును తీసివేయదు. దానిని కనబడకుండ చేయును. మురికి పోకముందే నీలము పెట్టినచో బట్ట తెల్లబడదు, మాసిన నీలమగును.

నేడు దీవులలో యువకుల నిత్యవస్త్రము బొమ్మ అచ్చువేసిన తెల్లని టీషర్టు. 1913 ప్రాంతమున అమెరికా నావికాదళము తన నావికులకు లోదుస్తుగా ఇచ్చిన పొట్టిచేతుల చొక్కాయే కాలక్రమమున పైదుస్తై, ఛాతిపై బొమ్మలను, మాటలను మోయుచున్నది. దీని తెలుపును కాపాడుటలో పాతచిక్కుతో క్రొత్తచిక్కు ఒకటి కలిసినది. బట్ట ప్రత్తిది, బొమ్మ ప్లాస్టిక్కు సిరాది. రేవుబండయు, మరిగిన ఉబ్బయు, ఇస్త్రీ వేడియు ప్రత్తి ఓర్చును, బొమ్మ ఓర్వదు. క్లోరిను మందు తెలుపుచేయునను నమ్మకముతో మిక్కుటముగా వాడినచో, చెమటలోని మాంసకృత్తులతో కలిసి అదే పసుపునిచ్చును. సాగుడు దారము గల బట్టను చెరచును. ఆమ్లముతో కలిపినచో ప్రాణాపాయకరమైన వాయువును విడుచును.

కావున పనికివచ్చు మార్గము మరల పాతరేవు మార్గమే. విడిచిన చొక్కాను కుప్పలో మ్రగ్గనీయక ఆనాడే నీట వేయవలెను. చంకలకు పూసికొను మందులలోని అల్యూమినియము లవణములు చెమటతో కలిసి గట్టిపసుపు కట్టును గనుక ఆ తావులను ముందుగా సబ్బుతో మెత్తగా రుద్దవలెను. చొక్కాను త్రిప్పి, బొమ్మ లోపలికుండునట్లు గోరువెచ్చని నీట ఉతుకవలెను. పసుపు కనబడినచో క్లోరినుకు బదులు ప్రాణవాయువును విడుచు సోడియము పెర్‌కార్బొనేటు పొడిలో కొన్ని గంటలు నానవేయవలెను. ఎండ తడిబట్టపై చేసిన పనియే అది పాత్రలో చేయును. పట్టి నిలుపుకొన్న వాననీరు మెత్తనిది. సబ్బు దానిలో విరుగదు. ఆఖరి జాడింపునకు అది శ్రేష్ఠము. బొమ్మ గల చొక్కాను త్రిప్పియే గాలి పారుచోట ఆరవేసి, పూర్తిగా ఆరినగాని మడువరాదు. ప్లాస్టిక్కు సంచిలో దాచరాదు. దినదినము చేయు చిన్నపని ఏడాదికొకసారి వాడు ఘాటైన మందుకంటె మేలు.

ఆ చొక్కాపై సెల్యులార్ జైలు బొమ్మయే అచ్చువేసియున్నదనుకొందము. దానిని ఉతుకు చేతిలో సబ్బుబిళ్ల ఉన్నది. అంగడిలో దాని వెల స్వల్పము. ఆ గోడల లోపల నూనె తీసినవారికి అది దొరకలేదు. దానిని అడిగినవారిలో ముగ్గురు తిరిగి రాలేదు. తెల్లబట్ట ఒకనాడు ఈ దీవులలో కొందరి అధికారమునకు గుర్తు. నేడది ఎవరి చొక్కా వారు ఉతికి ఆరవేసికొనగల సామాన్యుని హక్కు. ఆ హక్కును నిలుపుకొనుటకు కావలసినవి శుభ్రమైన నీరు, కొంత ఎండ, కొంత ఓపిక. వీనిలో ఎండ దేవుడిచ్చును, ఓపిక మనుష్యుడు తెచ్చుకొనును. నీరు మాత్రము ఇంటింటికి అందవలసియున్నది.