ఒక గోదావరి – రెండు కొలతలు

ముద్‌ఖేడులో స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు గోదావరి వార్తలు రెండు దారుల వచ్చుచుండును. మరాఠీ పత్రిక జలాశయములో ఇన్ని ‘దలఘమీ’ నీరు చేరినదని వ్రాయును. అనగా దశలక్ష ఘనమీటర్లు. నిజామాబాదు బంధువులు ఇన్ని టి.ఎం.సి.లని చెప్పుదురు, అనగా వేయి మిలియన్ల ఘనపుటడుగులు, మన లెక్కలో 100 కోట్ల ఘనపుటడుగులు. నీరు ఒక్కటే. అంకెలలో మాత్రము 28 రెట్ల అంతరము.

మన పెద్దలకు ఇంత పెద్ద కొలత అవసరము లేకుండెను. గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచము, తూము దాటి పుట్టి దగ్గర వారి లెక్క నిలిచెను. 20 తూములు ఒక పుట్టి. ధాన్యమును కొలుచునదియు తూమే, చెరువునుండి నీటిని విడుచునదియు తూమే యగుట మన భాషలోని చమత్కారము. చెరువు ఎంత పెద్దదో చెప్పవలసివచ్చిన దాని ఆయకట్టు చెప్పెడివారు.

గాలను ఆంగ్లేయులతో వచ్చినది. 1824లో బ్రిటిషు శాసనము పది పౌనుల నీరు పట్టు పాత్రను గాలనుగా నిర్ణయించెను. నేటి లెక్కకు 4.546 లీటర్లు. ఒక ఘనపుటడుగులో సుమారు 6.23 గాలన్లు ఇముడును. పట్టణములకు ఇచ్చు నీటిని మిలియను గాలన్లలోను, ఆనకట్టల నీటిని ఘనపుటడుగులలోను లెక్కించుట ఇంజనీర్లకు అలవాటయ్యెను. హైదరాబాదు నగరపు నీటి సరఫరాను నేటికిని రోజుకు ఇన్ని మిలియను గాలన్లని చెప్పుచున్నారు.

1956లో తూనికలు కొలతల చట్టము వచ్చెను. ఆ సంవత్సరమే నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము చీలి, మన నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రమున చేరెను. 1960 మే 1న మహారాష్ట్రమయ్యెను. అంగడిలో సేరు పోయి లీటరు వచ్చినది గాని, నదికి ఆ మార్పు సమముగా రాలేదు. మరాఠ్వాడా ఘనమీటరును పట్టుకొన్నది, తెలుగునాడు టి.ఎం.సి.ని విడువలేదు. దీనిని భాషాభేదమనుకొనరాదు, కోయనా జలాశయమును మరాఠీవారును టి.ఎం.సి.లలోనే చెప్పుదురు.

అడుగు అనగా 0.3048 మీటరు. దానిని ఘనము చేసిన 0.0283168 ఘనమీటరు. కనుక 1 టి.ఎం.సి. అనగా 28.3168 దలఘమీ, అనగా 2,831 కోట్ల లీటర్లకు పైగా, ఇంచుమించు 623 కోట్ల గాలన్లు. పైఠాణులోని జాయక్‌వాడీ మొత్తము నిలువ 2,909 దలఘమీ. పోచంపాడు శ్రీరాంసాగరమునకు కట్టిననాటి నిలువ 112 టి.ఎం.సి. ఈ రెండంకెలు విన్నవాడు మొదటిది సముద్రము, రెండవది కుంట యనుకొనును. మార్చి చూచిన, జాయక్‌వాడీ 102.7 టి.ఎం.సి. మాత్రమే. తరువాత పూడికచే శ్రీరాంసాగరపు నిలువ తగ్గినది గాని, కట్టిననాడు అదియే పెద్దది.

ఈ లెక్క ఉబుసుపోకకు చేయునది కాదు. 1975 అక్టోబరు 6 నాటి ఒడంబడిక ప్రకారము, పైఠాణు దిగువనుండి పోచంపాడు వరకు క్రొత్త ప్రాజెక్టులకై మహారాష్ట్ర 60 టి.ఎం.సి.లకు మించకుండ వాడుకొనవచ్చును. బచావత్ ట్రిబ్యునలు 1980 తీర్పులో దీనిని చేర్చెను. మన జిల్లాలోనే ధర్మాబాదు తాలూకాలో కట్టిన బాభళీ ఆనకట్టపై, తెలుగు పత్రికలు బాబ్లీ యనునది, 2006లో ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టు కెక్కెను. 2013 ఫిబ్రవరి 28న తీర్పు వచ్చినది: నిలువ 2.74 టి.ఎం.సి.లకు మించరాదు, జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు ద్వారములు ఎత్తియుంచవలెను, ఏటా మార్చి 1న 0.6 టి.ఎం.సి. దిగువకు విడువవలెను. దలఘమీలలో నిలువ 77.6, విడువవలసినది 17. ఒకరు 77 అనియు, ఒకరు రెండున్నర చిల్లర అనియు చెప్పుకొనుచుండగా, ఇరువైపుల బంధువులున్న మనకు పొరుగువారి మాట అబద్ధమని తోచుట సహజము.

అంకెను కుదించుటలోను జాగ్రత్త వలయును. 28.3168ని కొందరు 28గా సరిపెట్టుదురు. 60 టి.ఎం.సి.లకు అట్లు చేసిన 1,680 దలఘమీ వచ్చును, సరియైనది 1,699. పోయిన 19 దలఘమీ, మార్చి 1న విడువవలసిన 17 కంటె ఎక్కువ! చిల్లర పైసలు విడిచినట్లు విడువదగినది కాదు. నోటిలెక్కకు 28 రెట్లు చేసి, మొదటి అంకెలో మూడవవంతు కలుపుట మేలు. 60కి 1,680, దానికి 20 కలుపగా 1,700. ఒక్క దలఘమీ మాత్రమే తేడా.

మరియొక విచిత్రము. నాందేడు వద్ద విష్ణుపురి ద్వారములు తెరచిననాడు మరాఠీ పత్రికలు సైతము ప్రవాహమును క్యూసెక్కులలోనే, అనగా సెకనుకు ఘనపుటడుగులలోనే వ్రాయును. నిలువకు మీటరు, ప్రవాహమునకు అడుగు! 11,574 క్యూసెక్కులు ఒక పగలు, ఒక రాత్రి ఎడతెగక పారినయెడల 1 టి.ఎం.సి. నీరు దిగువకు చేరినట్లు. మరాఠీ పత్రిక లెక్కలో 28.3 దలఘమీ.