కోలారు బంగారం - మైసూరు ఖజానా

వర్ధమాన దేశాలు అభివృద్ధికి ధనం సమకూర్చుకునే మార్గాలు ప్రధానంగా నాలుగు: పన్నులు, అప్పులు, విదేశీ సహాయం, ప్రభుత్వ సంపదల మీద వచ్చే రాబడి. నాలుగో మార్గాన్ని చాలా ముందుగా పట్టుకున్న పాలకులు మైసూరు సంస్థానం వారు. ఆ రాబడి వెనుక తెలుగువారి చెమట కూడా ఉన్నందువల్ల దాన్ని ఇక్కడ పరిశీలిస్తున్నాం.

1881లో బ్రిటిష్ వారు రాజ్యాన్ని తిరిగి ఒడెయరు వంశానికి అప్పగించేనాటికి 1876-78 నాటి కరువు దేశాన్ని కుంగదీసి ఉంది. ఏటా చెల్లించే కప్పం 24.5 లక్షల రూపాయలు; 1896 నుంచి అది 35 లక్షలయింది. చితికిపోయిన రైతు మీద కొత్త శిస్తు మోపడం సులభం కాదు. అప్పుడు అక్కరకు వచ్చింది కోలారు బంగారం. గనులు జాన్ టేలర్ అండ్ సన్స్ నిర్వహణలోని ఆంగ్ల కంపెనీలవి. లాభాలు లండన్ వాటాదార్లకు పోగా, సంస్థానానికి దక్కింది రాయల్టీ.

దివాన్ శేషాద్రి అయ్యర్ కాలంలో ఆరంభమైన శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం 1902లో పనిచేయసాగింది. సుమారు 147 కిలోమీటర్ల దూరంలోని గనులే దాని మొదటి ఖాతాదారు. అంటే గనుల నుంచి రాయల్టీతో పాటు కరెంటు రుసుము కూడా రాసాగింది. 1905లో బెంగుళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగాయి. వేసవిలో కూడా గనులకు కరెంటు తగ్గకూడదన్నది 1911లో మొదలైన కృష్ణరాజసాగరం ఆనకట్ట ఉద్దేశాల్లో ఒకటి. దాన్ని తలపెట్టిన చీఫ్ ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారి పూర్వీకులు ఆంధ్రదేశంలోని మోక్షగుండం వారన్నది మనకు తెలిసిందే. తరిగిపోయే సంపదను తరగని సంపదగా మార్చుకోవడమే ఈ విధానంలోని కిటుకు.

అయితే ఈ లెక్కకు రెండో పక్క ఉంది. గనుల్లోకి దిగినవారిలో తమిళులతో పాటు చిత్తూరు ప్రాంతపు తెలుగువారు ఎందరో ఉన్నారు. మూడు కిలోమీటర్లకు మించిన లోతున ఉక్కపోత, రాళ్ల పేలుళ్లు, ఊపిరితిత్తులను తినే రాతిధూళి వారి పాలబడ్డాయి. ఖజానా లెక్కల్లో రాయల్టీకి పద్దు ఉంది కాని, ఈ నష్టానికి లేదు.

2001లో గనులు మూతపడ్డాయి. మండ్య పొలాలకు కృష్ణరాజసాగరం నీరు ఇంకా పారుతూనే ఉంది. బంగారం తవ్వినవారి పిల్లలకు మాత్రం పని పోయింది. ప్రభుత్వ ధనం ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నతో పాటు ఎవరికి తిరిగి చేరిందన్న ప్రశ్న కూడా చరిత్రకారులు వేయాలి. కోలారు తెలుగు కుటుంబాల జ్ఞాపకాలను సేకరించడం అందుకు తొలిమెట్టు కాగలదని మేము భావిస్తున్నాం.