త్సింగ్‌హువా పాఠశాల : చీనా విద్యార్థుల యమెరికాయాత్ర

పెకింగు నగరమునకు వాయవ్యదిశను మంచూ రాజవంశమువారి యుద్యానమొకటి యుండెను. దానికి త్సింగ్‌హువా వనమని పేరు. 1911 వ సంవత్సరము ఏప్రిల్ నెలలో నావనమున నొక పాఠశాల తెఱవఁబడెను. అందుఁ జేరిన బాలురు స్వదేశమునఁ బట్టము పడయుటకుఁ గాక, సముద్రము దాఁటి యమెరికా విశ్వవిద్యాలయములలోఁ బ్రకృతిశాస్త్రములను, ఇంజనీరింగు మొదలగు విద్యలను నభ్యసించుటకుఁ దగిన యర్హతను సంపాదించుటకే చదువుచుండిరి. ఇట్టి పాఠశాల యేల కావలసివచ్చెనో తెలియవలెనన్న నలువదియేండ్లు వెనుకకుఁ బోవలయును.

యుంగ్ వింగ్ అను చీనీయుఁడు 1854 లో యేల్ కళాశాలయందుఁ బట్టభద్రుఁడయ్యెను. తాను బొందిన విద్య తన దేశపు బాలురకును లభింపవలెనని యాతఁడు పెక్కేండ్లు ప్రయత్నించి, త్సెంగ్ కువోఫాన్, లీ హుంగ్‌చాంగ్ అను రాజపురుషుల యాదరము వడసెను. 1872 మొదలు 1875 వఱకు నేఁటేఁట ముప్పదిమంది చొప్పున నూటయిరువదిమంది బాలురు పంపఁబడిరి. వారిలోఁ బెక్కండ్రు పండ్రెండేండ్ల ప్రాయమునకుఁ గొంచె మిటునటు నున్నవారు. గడువు పదునైదేండ్లు, తండ్రులు ముందుగాఁ బ్రభుత్వమునకు నొడంబడికపత్రములు వ్రాసియిచ్చిరి. హార్ట్‌ఫర్డ్ పట్టణమును, తత్ప్రాంతములను గల గృహస్థుల యిండ్లలో వీరిని నిద్దఱేసి ముగ్గురేసిగా నుంచిరి. భాష భోజనపంక్తిలోనే పట్టుపడెను. లెక్కలును భూగోళమును బడిలోఁ బట్టుపడెను. స్వభాషాగ్రంథములను మఱవకుండుటకై హార్ట్‌ఫర్డ్‌లోఁ గార్యాలయము కట్టి, విడతలవారీగా బాలురను రప్పించి చీనాపండితులచేఁ జదివించుచుండిరి. బేస్‌బాల్ ఆట మరిగిన బాలురకు నీ చదువు రుచింపకుండుట వింతగాదు.

వీరు విదేశీయులైపోవుచున్నారనియు, కొందఱు జడలు గత్తిరించుకొనిరనియు, క్రైస్తవమునఁ గలియుచున్నారనియు నధికారి వూ త్సుతెంగ్ స్వదేశమునకు వ్రాసెను. 1881 లో నందఱును వెనుకకుఁ బిలువఁబడిరి. ఈ నింద నంతయు నా యొక్క యధికారి తలపైఁ బెట్టుట వాడుకయైనది. అది సగము మాటయే. 1868 నాఁటి సంధిపత్రమునఁ బ్రభుత్వవిద్యాలయములలోఁ జీనీయులకుఁ బ్రవేశముండునని వ్రాసికొన్న యమెరికావారే, సైనిక నావికా విద్యాలయములలో వీరికిఁ దావు లేదనిరి. ఆ విద్యలకొఱకే ధనము వెచ్చించుచున్న ప్రభుత్వమున కిఁక నాశ యేమి మిగిలెను? యేల్ అధ్యక్షుఁడు పోర్టరు మొదలగువారు వ్రాసిన విన్నపము ఫలింపలేదు.

మరలివచ్చునాఁటికి యేల్‌లో డిగ్రీ ముగించినవా రిరువురే. వారిలో నొకఁడు జేమ్ తియెన్ యౌ; ఇనుపదారుల నిర్మాణమును జదివినవాఁడు. అతనిని నావికాపాఠశాలకుఁ బంపి యోడ నడపుట నేర్పించిరి! 1888 లోఁగాని యతనికి రైలుమార్గపుఁ బని దొరకలేదు. 1905 మొదలు 1909 వఱకు పెకింగునుండి కల్గానునకు, మహాప్రాకారముచెంతఁ గొండలు దొలిచి, నిటారైన యెత్తునఁ బట్టాల నడ్డదిడ్డముగా మలఁచి, విదేశీయ యింజనీరు పర్యవేక్షణ లేకయే మార్గము వేసినవాఁ డాతఁడే. తక్కినవారిలోఁ గొందఱు తంతిశాఖకును గనులకును బోయిరి. కొందఱు 1884 లో ఫ్రెంచివారితో ఫూచౌయొద్ద జరిగిన నౌకాయుద్ధమున మడిసిరి.

బాక్సరు తిరుగుబాటునకు నష్టపరిహారముగాఁ జీనా చెల్లించు సొమ్ములోఁ దమ భాగము న్యాయమైన కోరికకు మించినదని యెఱిఁగి, 1908 లో నమెరికా ప్రభుత్వము కోటిడాలరులకుఁ బైఁబడిన మొత్తమును విడిచిపెట్టెను. దానిని దానమని వ్రాయువారు కలరు. చీనావారి ధనము చీనావారికే తిరిగివచ్చినది, అదియు విద్యార్థులను బంపవలెనను నేర్పాటుతో. నూటికెనుబదిమంది వ్యవసాయము, గనులు, యంత్రములు, ఇనుపదారులు, భౌతికరసాయనములు మొదలగువానినే చదువవలయునని నియమము. 1909 లో 47, 1910 లో 70, 1911 లో 63 మంది పరీక్షచే నెన్నుకొనఁబడి పోయిరి. అర్హులు చాలినంతమంది దొరకకుండుటచేతనే త్సింగ్‌హువా పుట్టినది.

విప్లవముచే నాఱునెలలకే మూతపడి 1912 లో మరలఁ దెఱవఁబడిన యా పాఠశాలకు నధ్యక్షుఁడు తాంగ్ కువో అన్. అతఁడు 1873 లో హార్ట్‌ఫర్డ్ పోయిన బాలురలో నొకఁడు! సగములో లాగివేయఁబడినవాఁడే సిద్ధపఱచు పని చేపట్టెను. మధ్యమశ్రేణి నాలుగేండ్లు, ఉన్నతశ్రేణి నాలుగేండ్లు. ఉదయమున నాంగ్లమునఁ బాఠములు, అపరాహ్ణమునఁ జీనా విద్యలు. తరువాతి యధ్యక్షుఁడు చౌ యీచున్ కాలమున సాయంకాలము నాలుగుగంటలకు గ్రంథాలయమునకును దరగతులకును దాళములు వేసి బాలురను వ్యాయామమునకుఁ దఱుమువారు. ఇటనుండి పోయినవారు సామాన్యముగా నమెరికా కళాశాలల రెండవ మూఁడవ తరగతులలోనే చేరఁగలిగిరి.

లోపములును లేకపోలేదు. అపరాహ్ణపుఁ బాఠములను విద్యార్థులు లక్ష్యపెట్టలేదు. నియమమునకుఁ గట్టుపడి శాస్త్రము పట్టినవారందఱును దాన నిలువలేదు. 1910 లోఁ బోయిన హూ షీ, కార్నెల్‌లో వ్యవసాయమునఁ జేరి, ఆపిలుపండ్ల జాతులను వేఱుపఱుపలేక విసిగి తత్త్వశాస్త్రమునకు మరలెను. అన్నిటికంటెఁ బెద్దప్రశ్న వేఱు: ఇంత ధనముతో నిచ్చటనే విశ్వవిద్యాలయము నేల పెట్టరాదని. 1925 లో నక్కడ విశ్వవిద్యాలయశాఖ యేర్పడెను. 1928 లో నది జాతీయ విశ్వవిద్యాలయమయ్యెను. 1909 లోఁ బోయి వూస్టరునందు విద్యుచ్ఛాస్త్రమున 1914 లోఁ బట్టము పొంది వచ్చిన మే యీచీ 1931 లో దాని కధ్యక్షుఁడయ్యెను. సిద్ధపాఠశాల కడపటి తరగతి 1929 లో నోడ యెక్కినది.