పంకా యంత్రం నుంచి ఫారం 27 దాకా

కలకత్తా ఎండల్లో దొరగారి గదిలో గాలి ఆడాలంటే బయట ఒక మనిషి కూర్చుని తాడు లాగుతూనే ఉండాలి. ఆ పనిని యంత్రంతో చేయించాలనుకున్నాడు జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెనింగ్ అనే సివిల్ ఇంజినీరు. 1856లో ఆయన పెట్టుకున్న అర్జీయే మన దేశ పేటెంటు రికార్డుల్లో ఒకటో నంబరు. అప్పటికి పేటెంటు ఆఫీసు లేదు, అర్జీలన్నీ గవర్నర్ జనరల్ కౌన్సిల్‌కే వెళ్లేవి. యంత్రం ఎలా పనిచేస్తుందో వివరించే పత్రాలను డిపెనింగ్ సెప్టెంబరు 2న దాఖలు చేశాడు. 1856 నాటి పేటెంటు చట్టం ఇచ్చిన హక్కు 14 ఏళ్లు. బ్రిటిష్ రాణి అనుమతి లేకుండా చేశారంటూ ఏడాది తిరిగేసరికి ఆ చట్టాన్నే రద్దు చేసి, 1859లో కొత్తది తెచ్చారు.

పేటెంట్ల వ్యవహారం కంట్రోలర్ అనే అధికారి చేతికి వచ్చింది 1911 చట్టంతో.

స్వాతంత్ర్యం వచ్చాక జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ ఈ రికార్డులను తిరగేసి, 1959లో నివేదిక ఇచ్చారు. అప్పటి పేటెంట్లలో అత్యధికం విదేశీయులవేనని, వాటిలో చాలావాటిని ఇక్కడ వాడనే లేదని తేల్చారు. హక్కు తీసుకున్నవాడు ఈ దేశంలో ఆ వస్తువు తయారుచేస్తున్నాడా, జనానికి అందిస్తున్నాడా అన్న ప్రశ్నకు అక్కడే బలం వచ్చింది. 1972 ఏప్రిల్ 20న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం మందులకు తయారీ పద్ధతి మీద తప్ప పేటెంటు ఇవ్వలేదు. అదే మందును వేరే పద్ధతిలో తయారుచేసుకోవచ్చు. హైదరాబాదులో నాట్కో, డాక్టర్ రెడ్డీస్ వంటి కంపెనీలు ఎదిగింది ఆ వెసులుబాటుతోనే. 2005లో మందుల మీదే పేటెంట్లు మళ్లీ వచ్చాయి.

ఆఫీసు పని తీరు కూడా మారింది. తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చూసేది చెన్నై శాఖ. 2007లో ఆన్‌లైన్ దాఖలు మొదలయ్యాక కాగితాల కట్టతో అక్కడిదాకా వెళ్లాల్సిన పని తప్పింది. 2016లో స్టార్టప్‌లకు, 2019లో మహిళలకు త్వరిత పరిశీలన వచ్చింది. 2021లో విద్యాసంస్థల ఫీజు 80 శాతం తగ్గింది. నిజంగా మెచ్చుకోవాల్సిన మార్పులివి.

అయితే ఫారం 27 సంగతి వేరు. పేటెంటును ఇక్కడ వాడుతున్నారా లేదా అన్నది యజమాని 2024 దాకా ఏటా రాసివ్వాల్సి వచ్చిన పత్రం అది. కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్‌కు వాడే సొరాఫెనిబ్ మందును దాని పేటెంటు ఉన్న బేయర్ కంపెనీ నెలకు సుమారు 2 లక్షల 80 వేల రూపాయలకు అమ్మేది. దాన్ని తామే తయారుచేస్తామని నాట్కో దరఖాస్తు చేసింది. బేయర్ ఇచ్చిన ఫారం 27లో ఎంత దిగుమతి చేసిందో, ఎందరికి అందిందో కనబడింది. 2012 మార్చి 9న కంట్రోలర్ పి.హెచ్. కురియన్ దేశంలో తొలి నిర్బంధ లైసెన్సు, అంటే యజమాని ఒప్పుకోకపోయినా వేరేవారు తయారుచేసేందుకు అనుమతి, ఇచ్చారు. అప్పటి నాట్కో ధర నెలకు 8,880 రూపాయలు. రోగి ప్రాణానికీ ఆ ఫారానికీ ఉన్న ముడి అంత గట్టిది!

2024 మార్చిలో పేటెంటు నిబంధనలకు చేసిన సవరణలు దరఖాస్తు పరిశీలన కోరే గడువును 48 నెలల నుంచి 31కి కుదించాయి. మంచిదే. కానీ ఫారం 27ను మూడేళ్లకోసారి ఇస్తే చాలన్నాయి. కంపెనీలకు శ్రమ తగ్గొచ్చు గానీ, రేపు మరో ఖరీదైన మందు మీద దరఖాస్తు చేసేవారికి తాజా లెక్కలు అందవు. ఎప్పుడైనా వివరాలు తెప్పించుకునే అధికారం 146వ సెక్షన్ కింద కంట్రోలర్‌కు ఇప్పటికీ ఉంది. ప్రాణాలు నిలిపే మందుల విషయంలోనైనా దాన్ని ఏటా వాడాలి.