బీటీ పరీక్షల గుట్టు

పాత కృష్ణా జిల్లా మెట్టలో, నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో మిరపతో పాటు పత్తి ముఖ్యమైన పంట. దానికి పెద్ద పీడ కాయతొలుచు పురుగు. ఆ పురుగును తట్టుకుంటుందన్న, జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి కేంద్రంలోని జన్యు ఇంజనీరింగ్ ఆమోద సంఘం 2002 మార్చి 26న అనుమతి ఇచ్చింది. మొదట వచ్చినవి మహికో వారి మెక్‌-12, మెక్‌-162, మెక్‌-184.

ఆ విత్తనం మట్టికి, పశువులకు, ఇరుగుపొరుగు పంటలకు ఏం చేస్తుందో తేల్చే పరీక్షలు కంపెనీ చేయించినవే. బయటి శాస్త్రవేత్తలు సరిచూసుకునేందుకు వాటి పూర్తి వివరాలు బయట పెట్టలేదు. రైతుకు అందిందల్లా 450 గ్రాముల ప్యాకెట్, దానికి తోడు పొలం చుట్టూ వేయాల్సిన 120 గ్రాముల మామూలు పత్తి గింజలు. పురుగు బీటీకి అలవాటు పడకుండా ఆ చుట్టు వరుసలు కాపాడాలి. ఎందుకు వేయాలో తెలియనివాడు ఆ చిన్న ప్యాకెట్‌ను పక్కన పడేస్తే తప్పు ఎవరిదో చెప్పనక్కర్లేదు.

పొలంలో ఏం జరిగిందన్నదీ వివాదమే అయింది. వరంగల్ జిల్లాలో పరిశోధకులు అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సక్కరి మూడేళ్లు తిరిగి రైతుల నష్టాలను నమోదు చేశారు. కంపెనీ చేయించిన సర్వేలో మాత్రం లాభాలే కనిపించాయి. చివరికి 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ మూడు రకాలకు అనుమతి పొడిగించలేదు. అప్పటికే వేరే బీటీ రకాలు దుకాణాలకు వచ్చేశాయి.

గుట్టు విప్పింది పత్తి కాదు, వంకాయ. 2005లో సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చాక పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ తరఫున ఒకరు బీటీ వంకాయ పరీక్షల వివరాలు అడిగారు. వ్యాపార రహస్యమంటూ బయోటెక్నాలజీ శాఖ ఇవ్వలేదు. ఇవ్వాల్సిందేనని 2007లో కేంద్ర సమాచార కమిషన్ చెప్పింది. 2008లో సుప్రీంకోర్టు కూడా విషపూరిత ప్రభావాల పరీక్షల వివరాలు బయట పెట్టాలంది. జనం తినే కాయ గురించిన పరీక్షను అమ్మేవాడి సొంత ఆస్తిగా చూడటం మొదటి నుంచీ నిలబడే వాదన కాదు.

అదే ఏడాది జన్యు ఇంజనీరింగ్ ఆమోద సంఘానికి ప్రత్యేక ఆహ్వానితుడిగా సుప్రీంకోర్టు హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థ వ్యవస్థాపకుడు పుష్ప మిత్ర భార్గవను పంపింది. కంపెనీతో సంబంధం లేని ప్రయోగశాలల్లో దాదాపు 30 రకాల పరీక్షలు జరగాలని ఆయన పట్టుబట్టారు. 2009 అక్టోబరు 14న సంఘం బీటీ వంకాయకు పచ్చజెండా ఊపినప్పుడు ఆయన ఒప్పుకోలేదు. వివరాలు బయటికి వచ్చినందువల్ల ఫ్రాన్సుకు చెందిన సెరాలినీ వంటి విదేశీ శాస్త్రవేత్తలూ వాటిని చదివి లోపాలు ఎత్తిచూపగలిగారు.

నాటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ 2010 జనవరి నుంచి ఏడు నగరాల్లో బహిరంగ సంప్రదింపులు జరిపారు. అందులో హైదరాబాద్ ఒకటి. వందల రకాల వంకాయలకు పుట్టినిల్లయిన దేశంలో తొందర కూడదంటూ ఫిబ్రవరి 9న ఆ పంటను నిలిపేశారు. పత్తి విషయంలో అలాంటి సంప్రదింపులేవీ జరగలేదు. వంకాయ ఆగిన నాటికి దేశంలో పత్తి విస్తీర్ణంలో అత్యధిక భాగం బీటీ విత్తనమే.